గాలిపడవకు అరికాళ్లు

కొల్లేటిలో నా పాదం ఎరగని బురద లేదు. కళ్లకు గంతలు కట్టి ఎక్కడ దింపినా సరే, మడమతో ఒక్కసారి నొక్కి అది ఏ ఊరి పొలిమేరో, ఆ ఊళ్లో కరెంటు ఎన్నింటికి పోతుందో కూడా చెప్పేయగలను.

ఈ మాట పడవల ఎంపిక కమిటీ అధ్యక్షుడు పరాంకుశం గారితో అని, ఆయన చూస్తుండగానే ఒడ్డు మీంచి ఒక అడుగు ముందుకు వేశాను. మోకాలి దాకా దిగిపోయింది. దాని సాయానికి వెళ్లిన రెండో కాలు కూడా దిగిపోయింది. నన్ను బయటికి లాగడానికి నలుగురు మనుషులు, ఒక నైలాన్ తాడు, ఇరవై నిమిషాలు పట్టాయి. ఎడం చెప్పు రాలేదు.

"ఇది ఏ ఊరి పొలిమేరమ్మా?" అని పరాంకుశం గారు నోట్‌బుక్కు తెరిచి అడిగారు.

"తగాదాలో ఉందండీ," అన్నాను.

నా పేరు హైమ. మా సువర్చల పిన్ని కైకలూరులో మూతపడ్డ ఐసు ఫ్యాక్టరీ అద్దెకు తీసుకుని పడవల మీద ప్రయోగాలు చేస్తుంటుంది. నేను ఆవిడ సహాయకురాలిని. డిగ్రీ అయ్యాక ఖాళీగా ఉంటే ఇంట్లో వస్తువులు మాయమవుతున్నాయని అమ్మ నన్ను అక్కడికి పంపింది. ఇప్పుడు ఫ్యాక్టరీలో వస్తువులు మాయమవుతున్నాయి.

ఆ రోజు ఆ ఒడ్డున మూడు గాలిపడవలకు పరీక్ష. గాలిపడవకు వెనకాల మనిషంత ఎత్తు ఫ్యాను ఉంటుంది. అది తిరిగితే పడవ ముందుకు పోతుంది. నీళ్లలో తిరిగే రెక్కలు ఉండవు కాబట్టి నాచూ తూడూ చుట్టుకోవు. పోయిన వరదల్లో నత్తలంక అనే దీవి ఊరు పందొమ్మిది రోజులు బయటి ముఖం చూడలేదు. అందుకని ఆ ఊరికి అంబులెన్సుగా ప్రభుత్వం వాళ్లు ఒక గాలిపడవ ఇస్తామన్నారు. ఒక్కటే. అది ఏ పడవో వానలు మొదలయ్యే లోపల తేలాలి. తేలకపోతే ఆ పడవ ఇంకో జిల్లాకు వెళ్లిపోతుంది.

చిక్కంతా పడవ అడుగు దగ్గరే వచ్చింది. నత్తలంకకు వెళ్లాలంటే ముందు అలలు లేచే లోతు నీళ్లు దాటాలి, తర్వాత గుర్రపుడెక్క, తర్వాత బురద, మధ్యలో చేపల చెరువుల గట్లు. ఒక్కోదానికి ఒక్కో రకం అడుగు కావాలి.

మొదటి పడవ అడుగు చపాతీలా బల్లపరుపుగా ఉంది. గుర్రపుడెక్క మీద వెన్నలా జారింది. లోతు నీళ్లలోకి రాగానే ప్రతి అల దాని పొట్ట మీద చెంపదెబ్బ కొట్టింది. పరాంకుశం గారి కట్టుడుపళ్లు మూడో అలకు బయటికొచ్చి, నాలుగో అలకు తలకిందులుగా లోపలికి వెళ్లాయి. మధ్యాహ్నం దాకా ఆయన ఏం మాట్లాడినా మంత్రం చదివినట్టే వినపడింది.

రెండో పడవ అడుగు కోడి రొమ్ములా మొన తేలి ఉంది. అలలను కోసుకుంటూ హాయిగా వెళ్లింది. బురదలోకి రాగానే నాగలైపోయింది. అరెకరం దున్నేసింది. గట్టు మీదున్న రైతు ఒకాయన ఇంకో సాలు వేసి వెళ్లమని బతిమాలాడు.

మూడోదానికి అడుగున నున్నటి ప్లాస్టిక్ రేకు వేశారు. గట్టు ఎక్కడం దానికి బాగా తెలుసు. ఆగడం తెలియదు. మూడు చేపల చెరువులు దాటి, నాలుగో చెరువు యజమాని ఇంటి గుమ్మం ముందు చెప్పులు విడిచే చోట ఆగింది. మర్యాద తెలిసిన పడవ.

"నాలుగు రకాల నేలకు నాలుగు పడవలు ఇవ్వలేమమ్మా," అన్నారు పరాంకుశం గారు పళ్లు సర్దుకుంటూ. "ఒక్క పడవకు నాలుగు రకాల అడుగులు ఎలా ఉంటాయి?"

పిన్ని వంగి తన పాదం కేసి చూసుకుంది. "మనిషి కాలికి ఉన్నాయి కదండీ," అంది.

*

ఆ తర్వాత ఆరు నెలలు పిన్ని ఐసు ఫ్యాక్టరీలోంచి బయటికి రాలేదు. లోపల ఒక తొట్టిలో బూడిద రంగు జిగురు తయారైంది. చల్లగా ఉంటే ఒద్దికగా పడుకుంటుంది. వైర్లు తగిలించి అందులో కాళ్లు పెట్టుకుని స్విచ్ వేస్తే, ఆ అరికాళ్లకు తెలిసిందంతా దానికి తెలిసిపోతుంది. పడవ అడుగున పూస్తే, కింద ఏది తగిలితే దానికి తగినట్టు పడవ అడుగును సాగదీస్తుంది, ముడుస్తుంది, మొన తేలుస్తుంది. కొంచెం కొంచెంగా సొంతంగా పాకుతుంది కూడా.

మొదటి ప్రయోగం పిన్ని కాళ్లతోనే చేశాం. ఫ్యాక్టరీలో డాబా మీదికి పద్నాలుగు మెట్లున్నాయి. పిన్ని కాళ్లకు అవి కంఠతా వచ్చు. ఆ కాళ్లు తొట్టిలో పెట్టింది. స్విచ్ వేశాను. ఆ జిగురును టీ ట్రే అడుగున పూసి మొదటి మెట్టు ముందు పెట్టాం. ట్రే కాసేపు ఆలోచించి, ముందు అంచు పైకెత్తి, మెట్టెక్కింది. పద్నాలుగూ ఎక్కి డాబా మీదికి పోయి ఎండలో కూర్చుంది. ఇద్దరం చప్పట్లు కొట్టాం.

దాన్ని కిందికి తేవడానికి వెళ్లిన పిన్ని మూడో మెట్టు మీద బోర్లా పడింది.

మెట్టు ఎంత ఎత్తుందో, కాలు ఎంత ఎత్తాలో ఆవిడ పాదాలకు ఏమాత్రం గుర్తులేదు. అప్పుడు అర్థమైంది. ఆ జిగురు నకలు తీసుకోదు. ఉన్నదే తీసేసుకుంటుంది.

"మళ్లీ నేర్చుకోవచ్చుగా పిన్నీ?" అన్నాను.

"నేర్చుకుంటున్నానే," అంది. మూడు నెలల తర్వాత అడిగితే, "రెండు మెట్లు వచ్చాయి," అంది.

ఇప్పటికీ పిన్ని మెట్ల మీద కూర్చుని వెనక్కి వెనక్కి ఎక్కుతుంది. మొన్న ఎవరి పెళ్లికో వెళ్తే మేడ మీద భోజనాలన్నారట. కింద కుర్చీ వేసుకుని, విస్తరి బకెట్లో దించమంది. పప్పు దాకా బాగానే వచ్చిందట, చారు దగ్గరే ఇబ్బంది అయిందట.

సరే, పడవకు కావలసింది మెట్లు తెలిసిన కాళ్లు కాదు. కొల్లేరు తెలిసిన కాళ్లు. అలాంటివి ఎవరికున్నాయని ఏ ఊళ్లో అడిగినా ఒక్క పేరే చెప్పారు. నత్తలంక నాంచారమ్మ. అరవై ఎనిమిదేళ్లు. పుట్టి బుద్ధెరిగాక చెప్పులు తొడగలేదు. దోనెలో నిలబడి గడ వేస్తే అల ఎటు నుంచి వస్తుందో అరికాలికి ముందే తెలుస్తుందంటారు.

పిన్ని ఆమె దగ్గర ఏదీ దాచలేదు. "మీ కాళ్లు మీ కొల్లేటినే మర్చిపోతాయండీ. మళ్లీ వస్తుందని మాటివ్వలేను," అంది.

"పోయిన వరదల్లో మా కోడల్ని దోనెలో పడుకోబెట్టి ఆసుపత్రికి తీసుకెల్లాను," అంది నాంచారమ్మ. "గుర్రపుడెక్కలో ఇరుక్కుని ఆరు గంటలు పట్టింది. కోడలు దక్కింది. బిడ్డ దక్కలేదు. ఇప్పుడు దానికి మల్లీ ఏడో నెల. ఎప్పుడు రమ్మంటారు?"

*

అనుకున్న రోజుకు పిన్ని మడమ బెణికింది. మూడో మెట్టు నేర్చుకుంటోంది మరి. తొట్టి, వైర్ల పెట్టె, బ్యాటరీ దోనెలో ఎక్కించుకుని నత్తలంకకు నేనొక్కదాన్నే వెళ్లాను.

నేను వెళ్లేసరికి నాంచారమ్మ మామ్మ రేవులో బురదలో నిలబడి ఉంది. "ఉండవే, ఒక్కసారి తిరిగొత్తాను," అంది. చీర కుచ్చెళ్లు ఎగదోపుకుని నడవడం మొదలుపెట్టింది. నన్ను మింగిన రకం బురదే అది. ఆమెను మాత్రం చేతుల మీద ఎత్తుకున్నట్టు మోసింది. పది అడుగులు వేసి ఆగింది. కళ్లు మూసుకుంది. కుడికాలు వేళ్లు బురదలో మెల్లగా కదిలించింది. ఎవరో లోపలి నుంచి ఏదో చెప్తుంటే వింటున్నట్టు తల ఒక పక్కకు వంచింది. చటుక్కున వంగి, చెయ్యి మోచేతి దాకా దింపి, మూరెడు కొర్రమీనును పైకి తీసింది.

"కాలి కింద గిజగిజలాడిద్ది. తెలుసుద్ది," అని నవ్వింది.

ఆ కొర్రమీను వేయించి నాకు పెట్టింది. తిన్నాను. తర్వాత ఆమె మంచం మీద కూర్చుని కాళ్లు తొట్టిలో పెట్టింది. నేను వైర్లు తగిలించాను. స్విచ్ దగ్గర వేలు పెట్టి టిక్కుమని నోటితో శబ్దం చేశాను.

"అయిపోయింది మామ్మా."

"అయిపోయిందా? ఏం తెలవలేదే!"

"తెలియదు మామ్మా."

ఆమె లేచి రేవులోకి వెళ్లి బురదలో కాలు పెట్టి చూసింది. "ఎప్పట్లాగే ఉందే!"

"నీ కాళ్లు మొండివి మామ్మా. మర్చిపోవడానికి ఒక వారం పడుతుంది," అన్నాను.

తిరిగి వస్తూ దారిలో ఒక గట్టు మీద ఆగి, నా కాళ్లు తొట్టిలో పెట్టుకుని, పన్నెండు క్లిప్పులూ తగిలించుకుని, ఈసారి నిజంగానే స్విచ్ వేశాను. ఖాళీ జిగురు పట్టుకెళ్తే పిన్ని ఒక్క చూపులో కనిపెట్టేస్తుంది.

ఎందుకు చేశావంటారా? బద్ధకం. ఎండ. పైగా ఇలాంటివంటే నాకు సరదా. కాళ్లన్నీ కాళ్లేగా అనుకున్నాను.

నా కాళ్లకు తెలిసిందల్లా ఏలూరులో మూడేళ్ల హాస్టల్. వార్డెన్ గది ముందు మునివేళ్ల మీద నడవడం, తడి బాత్రూములో జారకుండా నడవడం, వెనక గోడ ఎక్కడం, గోడ అవతల జామచెట్టు కిందికి దిగడం, ఎవరైనా వస్తున్నారంటే పరిగెత్తడం. ఆ విద్యలో నన్ను మించినవాళ్లు ఆంధ్రదేశంలో లేరు. నేను నడిస్తే నా నీడకు కూడా తెలిసేది కాదు.

మర్నాటి నుంచి అదంతా పోయింది. ఇంట్లో హాల్లో అడుగుపెట్టగానే అమ్మ వంటింట్లోంచే "జంతికల డబ్బా ముట్టుకోకు" అంది. నేను ఎంత మెల్లగా వేసినా ప్రతి అడుగూ రోకలి దింపినట్టు పడుతోంది. వీధిలో కుక్కలు నాకు దారి ఇవ్వడం మొదలుపెట్టాయి.

"ఏంటే హైమా, ఏనుగులా నడుస్తున్నావ్?" అంది పిన్ని. "పైకప్పు రేకులు అదురుతున్నాయి."

"ఎదిగే వయసు పిన్నీ," అన్నాను.

*

ఆఖరి పరీక్ష రోజు ఆ జిగురు పూసిన గాలిపడవలో నలుగురం ఉన్నాం. పిన్ని ఎత్తు సీట్లో కూర్చుని నడుపుతోంది. ముందు వరసలో పరాంకుశం గారు, కట్టుడుపళ్లు తీసి జేబులో భద్రం చేసుకుని కూర్చున్నారు. ఆయన పక్కన నాంచారమ్మ మామ్మ, నీలం నేతచీర కట్టుకుని. చివర నేను, తాడు పట్టుకుని. పడవ నత్తలంకకు చేరితే ఊరిదవుతుంది. చేరకపోతే సాయంత్రం లారీ ఎక్కి ఇంకో జిల్లాకు పోతుంది.

లోతు నీళ్లలో మొదటి అల తగలగానే పడవ అడుగు కొయ్యలా బిగుసుకుపోయింది. నాకు ఈత రాదు.

"అదేంటండీ?" అన్నారు పరాంకుశం గారు. పళ్లు లేవు కాబట్టి అన్నది అంత స్పష్టంగా వినపడలేదు.

"అలవాటు పడుతోందండీ," అంది పిన్ని.

ఎలాగో దాటాం. గుర్రపుడెక్క మీదికి రాగానే పడవ బాత్రూములో నడిచినట్టు నడిచింది. ఒక్కో అంగుళం తడిమి చూసుకుంటూ, పక్కన గోడ ఏమైనా ఉందేమోనని వెతుక్కుంటూ. ఫ్యాను హోరున తిరుగుతోంది. పడవను ఒక నత్త దాటిపోయింది. అది వెనక్కి తిరిగి చూసిందని నేను ఒట్టేసి చెప్పగలను.

బురద తగలగానే పడవకు రోత పుట్టింది. అడుగంతా ముడుచుకుని, అంచులు పైకెత్తి, ఒక్క మూల మీద నిలబడటానికి ప్రయత్నించింది. పరాంకుశం గారు నాంచారమ్మ మామ్మ ఒళ్లోకి జారారు.

మామ్మ ఆయన్ని పక్కకు సర్దింది. నాకేసి ఒకసారి చూసింది.

పిన్ని ఫ్యాను వేగం పెంచింది. ఆ ఊపుకు పడవ పక్కనున్న చేపల చెరువు గట్టు ఎక్కింది. గట్టు మీద ఒక ప్రహరీ గోడ. గోడ అవతల జామచెట్టు.

ఆ గోడ తగలగానే పడవకు ప్రాణం లేచి వచ్చింది. పిన్ని కంగారులో ఫ్యాను ఆపేసినా ఆగలేదు. మునివేళ్ల మీద లేచింది. ఇంత పెద్ద పడవ, నలుగురు మనుషులు, చీమ చిటుక్కుమన్న శబ్దం లేదు. గోడ వెంట మెల్లగా పాకుతూ, మూల దగ్గర ఆగి, అటూ ఇటూ చూసుకున్నట్టు ముందు అంచు తిప్పి, సరిగ్గా కొమ్మ వంగిన చోటికి వెళ్లి, ఒక పక్క పైకి లేచి నిలబడింది. పరాంకుశం గారి ముక్కు ముందు దోరజామకాయ ఊగుతోంది.

"అద్భుతం," అన్నారాయన అప్రయత్నంగా. ఈ ఒక్క మాటా పళ్లు లేకపోయినా స్పష్టంగా వచ్చింది.

అంతలో గట్టు అవతల నుంచి వాచ్‌మన్ చెప్పుల చప్పుడు దబదబా వినపడింది. ఆ అదురు తగిలిందో లేదో, పడవ వెనక్కి తిరిగి పరుగు లంకించుకుంది. ఫ్యాను లేకుండా. రెండు గట్లు దాటి, ఒక తుమ్మపొద వెనక నక్కి, పడవంతా రొప్పుతున్నట్టు అదిరింది.

పరాంకుశం గారు జేబులోంచి పళ్లు తీసి పెట్టుకున్నారు. నాంచారమ్మ మామ్మ వైపు తిరిగారు.

"అమ్మా, ఇవి మీ పాదాలు నేర్పిన విద్యలే కదా?"

"అన్నారు," అంది మామ్మ.

"తప్పుగా అనుకోకండి. ఈ వయసులో మీరు గోడలెక్కి జామకాయలు..." అని ఆగారు. "నేను రిపోర్టులో రాయాలి కదమ్మా. ఊళ్లోవాళ్లు ఇదే మాట అనుకుంటారేమోనని నా బాధ."

మామ్మ మొహం నల్లబడింది. ఆ ఊళ్లో ఆమె గురించి ఇన్నేళ్లలో ఒక్క మాట ఎవరూ అని ఉండరు.

ఆమె పడవ దిగింది. తుమ్మపొద పక్కన బురదలోకి నడిచింది. అయిదారు అడుగులు వేసింది, ఆగింది, కాలివేళ్లు కదిలించింది, వంగింది. ఒక మట్టగిడస చేపను తీసి పరాంకుశం గారి ఒళ్లో వేసింది.

"నా కాల్లు నా కాడే ఉన్నాయి బాబూ," అంది. "పది రోజులైంది. ఏదీ మర్చిపోలా. మరి ఆ దొంగకాల్లు ఎవరియో మీరే కనుక్కోండి."

ముగ్గురూ నాకేసి చూశారు. మట్టగిడస కూడా నోరు తెరుచుకుని నాకేసే ఉంది.

"జిగురు పాడైపోయి ఉంటుంది పిన్నీ," అన్నాను.

"ఊఁ."

"ఎండకు."

"హైమా, ఒకసారి పడవ దిగి నాలుగడుగులు వెయ్యి," అంది పిన్ని.

దిగాను. గట్టు మీద నాలుగడుగులు వేశాను. ధబ్, ధబ్, ధబ్, ధబ్. తుమ్మపొదలోంచి రెండు కొంగలు ఎగిరిపోయాయి.

"నావే," అన్నాను. "బద్ధకమేసి చేశాను. సరదాకి."

పిన్ని నోరు తెరిచింది కానీ మామ్మ చెయ్యెత్తి ఆపింది. "తిట్టుకోడం తరవాత. పొద్దుగూకితే లారీ వచ్చిద్దంట కదా. తొట్టి ఉందా?"

పిన్ని ఎక్కడికెళ్లినా ఒక తొట్టెడు కొత్త జిగురు వెంట తెచ్చుకుంటుంది. ఉంది.

"మరి ఎడం కాలు ఒక్కటే తీస్కోండి," అంది మామ్మ. "కుడికాలు నాకుండాలి. చేపలు దాంతోనే పడతా."

"ఒక్క కాలికి సగం పడవే వస్తుందండీ," అంది పిన్ని.

"సగం చాలుగా. మేం జంట దోనెలు కట్టుకుంటే గడ ఒక దోనెలోంచే ఏత్తాం. రెండోది దాన్నంటుకుని వచ్చిద్ది. పక్కదానికి తెలివెందుకు?"

కొల్లేటిలో తాటిదోనెలు రెండేసి కలిపి కడతారు. పిన్ని రోజూ చూసేదే. కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకుంది. "ఈ మాట ముందే ఎందుకు చెప్పలేదండీ?"

"మీరడగలా. రెండు కాల్లూ కావాలన్నారు, ఇత్తానన్నా."

పరాంకుశం గారు నోట్‌బుక్కులో ఏదో రాసుకుని, కొట్టేసి, మళ్లీ రాసుకున్నారు.

పడవను ఒక పక్కకు ఒరిగించి, ఎడమ సగానికున్న జిగురంతా అట్లకాడతో నేనే గీకాను. గీకి పారేసిందంతా ముద్దగా పోగై, మెల్లగా పాక్కుంటూ మళ్లీ జామచెట్టు వైపు వెళ్లిపోయింది. ఎవరూ ఆపలేదు.

మామ్మ గట్టు మీద కూర్చుని ఎడం కాలు తొట్టిలో పెట్టింది. నేను ఆరు క్లిప్పులు తగిలించాను. స్విచ్ మీద బొటనవేలు పెట్టాను. నొక్కడానికి వేలు రాలేదు.

"నొక్కవే," అంది పిన్ని.

"నొక్కుతున్నా."

నొక్కలేదు. మామ్మ ముందుకు వంగి, తన బొటనవేలు నా వేలి మీద పెట్టి గట్టిగా అదిమింది. ఈసారి శబ్దం స్విచ్చే చేసింది.

ఆమె కాలు బయటికి తీసి తడి మట్టి మీద ఆనించింది. కాసేపు అలాగే ఉంచింది. "కొయ్య మీద పెట్టినట్టుంది," అని మాత్రం అంది. పిన్నీ నేనూ ఆ జిగురును పడవ ఎడమ సగానికి పూశాక లేచి, కుడికాలి మీద బరువేసి, నా భుజం పట్టుకుని పడవెక్కింది.

*

ఆ పడవ నడక చూసి తీరాలి. ఎడమ సగం బురద మీద విస్తరిలా పరుచుకుని జారిపోతుంటే, కుడి సగం బడికి లాక్కెళ్తున్న పిల్లలా ఏడుస్తూ దాని వెంట వచ్చింది. మధ్యలో ఒకసారి ఏదో ఇంటి ప్రహరీ కనపడి కుడి సగం అటు లాగబోతే, ఎడమ సగం ఒక్క విదిలింపు విదిలించింది. కుడి సగం మళ్లీ నోరెత్తలేదు. గుర్రపుడెక్క మీద పడవ అలికిడి లేకుండా సాగింది. లంక చుట్టూ ఉన్న లోతు పాయలో గాలికి అల లేస్తే, అది వచ్చి తగిలే లోపలే ఎడమవైపు మొన తేలింది. పరాంకుశం గారి పళ్లు నోట్లోనే ఉన్నాయి. నత్తలంక రేవు చేరడానికి పద్దెనిమిది నిమిషాలు పట్టింది.

ఆయన పడవలోనే కాగితం మీద సంతకం పెట్టి, మట్టగిడసతో సహా ఊళ్లోకి వెళ్లారు. పిన్ని ఫ్యాను బిగింపులు చూసుకుంటోంది. రేవు గట్టు మీద మామ్మ కోడలు పొట్ట మీద చెయ్యి వేసుకుని, పడవను ఈ చివర నుంచి ఆ చివరకు చూస్తూ నిలబడింది.

మామ్మ దిగింది. కుడికాలు సరిగ్గా పడింది. ఎడం కాలు సర్రున జారింది. నేను పట్టుకున్నాను. పట్టుకున్న నాకు కూడా బురద రాదు కాబట్టి ఇద్దరం ఒకరినొకరం పట్టుకుని ఊగాం. తన సొంత రేవులో ఆమె నా చెయ్యి పట్టుకుని నడుస్తోంది.

"ఏమే," అంది మెల్లగా, పిన్నికి వినపడకుండా. "బద్ధకమన్నావుగా. బద్ధకమైన దానివి నీ కాల్లకి పన్నెండు క్లిప్పులెందుకు తగిలిచ్చుకున్నావ్?"

ఏదో ఒకటి చెప్పేద్దామని నోరు తెరిచాను. ఏమీ దొరకలేదు. నా జీవితంలో ఇలా ఎప్పుడూ జరగలేదు.

"బద్ధకం కాదు మామ్మా," అన్నాను. "ఆ రోజు కొర్రమీను కాలికి తగిలినప్పుడు నువ్వు నవ్వావు. అలా ఎవరైనా నవ్వడం నేను చూడలేదు. నేను స్విచ్ వేస్తే అది పోతుంది కదా అనిపించింది. చెయ్యి రాలేదు."

"నన్నడిగావా?"

"లేదు."

"నా కోడలు. నా కాల్లు. మద్దెన నీ జాలేంటే? ఇయ్యాల ఈ పడవ లారీ ఎక్కిపోతే, వచ్చే నెల ఆ పిల్లని దేంట్లో ఏసుకెల్లేదాన్ని?"

"తప్పు చేశాను మామ్మా. నిన్ను అడగాల్సింది. నీ పేరు మీద దొంగతనం పడుతుంటే కూడా వెంటనే చెప్పలేదు. అంతా నేనే."

ఆమె ఒక అడుగు వేసింది. ఎడం కాలు మళ్లీ జారింది. నా చెయ్యి ఇంకొంచెం గట్టిగా పట్టుకుంది.

"ఇంకేమన్నా ఉందా? ఉంటే ఇప్పుడే కక్కేయ్."

కాసేపు ఆలోచించాను. ఆమె పట్టు వదలలేదు.

"ఉంది మామ్మా. ఆ రోజు నువ్వు నీళ్లకెళ్లి వచ్చేసరికి మీ అబ్బాయికని దాచిన చేపముక్కలు పిల్లి ఎత్తుకుపోయిందన్నాను కదా?"

"అన్నావు. నాకప్పుడే అనుమానమొచ్చింది. మా లంకలో అసలు పిల్లే లేదు."

"అది కూడా నేనే."